నాలుగు లైన్ల సంతకం

"డబ్బా చుట్టే కాగితాలా? నేను రాసిన నాలుగు లైన్లు మీకలా కనబడుతున్నాయా?"

మూడో అంతస్తు టెస్టర్ అమ్మాయి కళ్లెర్రజేసేసరికి, కింది అంతస్తు ప్యాకేజీ కుర్రాడు నాలుక కరుచుకున్నాడు.

తయారైన సాఫ్ట్‌వేర్‌ని మూటగట్టి జనం కంప్యూటర్లలోకి దింపే చిన్న చిన్న ఫైళ్లు రాయడం అతని పని. సాఫ్ట్‌వేర్‌కి, దాన్ని ఎవరెలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ ఉంది. ఈ ఫైళ్లకి పెట్టడం మాత్రం మహానుభావులంతా మర్చిపోయారు. వచ్చే వారం శుక్రవారం విడుదల. ఈలోగా ఫైళ్లలో చెయ్యిపెట్టిన ముగ్గురూ ఒకే లైసెన్స్‌కి ఒప్పుకుని సంతకాలు చెయ్యాలి. అతను చేశాడు, మేనేజరు చేశాడు. మిగిలింది ఈవిడ.

"ఎవరైనా తీసుకుని ఏమైనా చేసుకోవచ్చని పెడదామండీ. గొడవుండదు."

"మార్చుకున్నవాడు ఆ మార్పు అందరికీ చూపించాలని పెట్టండి. లేదంటే సంతకం లేదు."

"వాడు దాచుకుంటే మనకేం పోయిందండీ?"

"మీకేం పోతుంది! రాసింది నేను."

పెద్ద చదువులు చదివినవాళ్లు కదా, నాలుగు లైన్ల కోసం ఐదు రోజులు పోట్లాడుకున్నారు. రోజూ మధ్యాహ్నం అతను తల దువ్వుకుని మెట్లెక్కడం, చీవాట్లు తిని దిగడం. చీవాట్లు తిన్న మొహం అంతలా వెలిగిపోవడం మాత్రం ఆ ఆఫీసులో ఎవరూ ఎరగరు.

గురువారం గుండు మేనేజరు అతన్ని పిలిచి కూర్చోబెట్టాడు.

"ఏమయ్యా, ఆ నాలుగు లైన్లు పీకేసి నువ్వే సొంతంగా రాసుకోవచ్చుగా? ఆవిడ సంతకమే అక్కర్లేదు. పది నిమిషాల పని."

"తెలుసు సార్."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచీ."

వెనక కాగితం చప్పుడైంది. గుమ్మంలో ఆ అమ్మాయి.

"ఇవాళ పైకి రాలేదేమా అని వచ్చాను," అందామె. "తెలిసీ ఐదు రోజులు నాచేత తిట్లు తిన్నారా?"

"రాసేసుకుంటే మీ దగ్గరికి రావడానికి నాకింకేం పనుంటుందండీ?"

అనేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. మేనేజరు కిటికీ వైపు తిరిగాడు, చెవులు ఇక్కడే వదిలేసి.

ఆమె కాగితం బల్లమీద పరిచి, అతను కోరిన లైసెన్స్ కిందే సంతకం గీకింది. "దాచుకునేవాళ్లంటే నాకు పడదు. ఎలాగో బయటపెట్టారు, బతికిపోయారు."

అతను కాగితం అందుకోలేదు. "అంటే... ఇక పనైపోయినట్టేనాండీ?"

"లైసెన్స్ పని అయిపోయింది. రేపట్నుంచి పనేమీ లేకుండా రండి. ఎన్నాళ్లొస్తారో చూస్తాను."

"ఆ ముక్క కూడా రాయించుకోవయ్యా, తర్వాత తగువు రాకుండా!" అన్నాడు మేనేజరు కిటికీతో.

వినడానికి అక్కడెవరున్నారు? రేపట్నుంచి అన్న మాట చెవిన పడనట్టే, అతనప్పుడే ఆమె వెనకాల మెట్లెక్కుతున్నాడు.