రెండింతల దెబ్బ

కొట్టింది ఎర్రయ్య, కిందపడిందీ ఎర్రయ్యే.

అతని పిడికిలి సిస్టర్ ఎస్తేరు దవడకు తగిలిన క్షణంలోనే, అదే నొప్పి రెండింతలై అతని దవడలో పేలింది. వార్డు నేలమీద ముడుచుకుపోయి మూలిగాడు. మంచం కోడు పట్టుకుని మళ్లీ లేచాడు. పెదవి చిట్లి రక్తం కారుతున్న ఎస్తేరు వెనక్కి జరగకముందే రెండో దెబ్బ ఆమె పక్కటెముకల మీద పడింది. ఈసారీ అరిచింది అతనే. ఈసారీ లేచాడు.

అలా లేచినవాణ్ణి ఆ తీరప్రాంతపు ఆసుపత్రి ఇంతవరకు చూడలేదు.

అక్కడ రోగుల బంధువులకు ద్వారం దగ్గరే చెవి వెనక నాడీముద్ర వేస్తారు. రోగిని ముట్టుకునే ప్రతి ఉద్యోగీ ప్రతిఘాతి అనే పల్చటి బూడిదరంగు చొక్కా తొడుక్కోవాలి. అది దెబ్బను ఆపదు. తొడుక్కున్నవారి ఒంటిమీద ఎక్కడ దెబ్బ పడినా ఆ నొప్పిని కొలిచి, ఆ ముద్ర ద్వారా కొట్టినవాడి నాడుల్లోకి తిప్పి పంపుతుంది. డాక్టరు రాలేదని నర్సు జుట్టు పట్టుకున్నవాడూ, శవాన్ని ఆలస్యంగా ఇచ్చారని ఆయాను తన్నినవాడూ ఒక్క దెబ్బతోనే దారికి వచ్చేవారు. కాపలాదారుల అవసరం లేదని వారిని ఏనాడో తీసేశారు.

అందుకే ఎర్రయ్యను ఆపడానికి ఎవరూ లేకపోయారు. చివరికి అంబులెన్సు నడిపే దాలినాయుడు పరుగెత్తుకొచ్చి, వెనకనుంచి వాటేసి, అతని తలను గోడకు మోదాడు.

"నీకు నొప్పి తెలీదేట్రా?"

"తెలస్తంది బావూ," అన్నాడు ఎర్రయ్య, నుదుటి రక్తం కంట్లోకి దిగుతుండగా. "ఒదిలీ. ఇంకొక్కటి."

పక్క మంచంమీద, తెల్లవారుజామున ఊపిరి వదిలిన అతని కూతురు ముత్యాలు మొహంమీద అప్పటికే దుప్పటి కప్పి ఉంది.

మధ్యాహ్నం రక్షణమండలి సమావేశమైంది. ఆ మండలిలో డాక్టర్లకూ అధికారులకూ చోటు లేదు. నర్సులు, ఆయాలు, స్ట్రెచరు మోసేవారు, అంబులెన్సువారు మాత్రమే సభ్యులు. తిప్పికొట్టే నొప్పి ఎంత ఉండాలో నిర్ణయించే అధికారం వారిదే. అందరికంటే ఇటీవల దెబ్బ తిన్నవారు అధ్యక్షత వహించాలన్నది వారు పెట్టుకున్న ఆచారం. న్యాయమైన ఆచారంగానే తోచింది. అయితే అధ్యక్షస్థానంలో ఎప్పుడూ పచ్చిగాయమే కూర్చునేది. దాంతో నొప్పి సమానం నుంచి ఒకటిన్నరకు, అక్కడనుంచి రెండింతలకు పెరిగిందే తప్ప ఒక్కసారీ తగ్గలేదు.

ఇవాళ ఆ స్థానం ఎస్తేరుది. నోట్లో దూది కుక్కుకుని, పక్కటెముకలను మోచేత్తో అదిమిపట్టుకుని కూర్చుంది.

"నాలుగింతలు సేసీండి," అన్నాడు దాలినాయుడు. "రెండింతలకి లెగిసినోడు నాలుగింతలకి లెగడు."

"లెగడు సరే, బతుకుతాడా?" అంది ఆయా పైడమ్మ. "మూడు దాటితే గుండాగిపోద్దని యంత్రం ఎట్టినోళ్లే సెప్పినారు గదా."

"అయితే ఆళ్లని కొట్టొద్దను. దెబ్బలు తిన్నాది నువ్వు కాదు గదా."

"నా పళ్లు రెండు నీ పెళ్లికి ముందే రాల్నాయిరా. అప్పుడీ సొక్కా నేదు."

ఎవరో నవ్వారు. ఎస్తేరు నవ్వలేదు. కిందపడిన ప్రతిసారీ ఎర్రయ్య ముఖంలో కనిపించినది ఆమెను వదలడం లేదు. ఎండలో నడిచొచ్చినవాడు కడివెడు నీళ్లు తాగినప్పుడు ముఖం అలా ఉంటుంది. అతణ్ణి లోపలికి తీసుకురమ్మంది. చేతులు కట్టాలని ఎవరికీ తోచలేదు. ప్రతిఘాతి వచ్చాక ఆ జాగ్రత్త మరుపున పడింది.

"పాపకు వైద్యంలో మేమేమైనా లోటు చేశామా?" అని అడిగింది ఎస్తేరు.

"నేదు సిస్టరమ్మా. సెయ్యాల్సిందంతా సేసినారు."

"మరెందుకు కొట్టావు?"

"పడవమీద వల లాగే వించి తిప్పేముందు కేకెయ్యాల. ఏటకెళ్లే పతోడికీ తెలుసు. నాను కేకెయ్యనేదు. ఎనకాల తాడుకాడ ముత్యాలుంది. తాడు దాన్ని లాగేసినాది. పోలీసులు పెమాదమని రాసుకెళ్లిపోనారు. మా ఆడది ఒక్క మాట అన్నేదు. ఊరోళ్లు కేరేజీ తెచ్చి తినిపించినారు. ఒక్కలూ... ఒక్కలూ నన్ను కొట్టనేదు సిస్టరమ్మా. మీ సొక్కాయే కొట్టినాది."

తలుపు అవతల విన్నమాట పట్టుకుని చేతులు జోడించాడు.

"నాలుగింతలంటన్నారు. సేసీండి, మీకు దండమెడతాను."

"ఈడి ఏడుపు ఈడిది," అన్నాడు దాలినాయుడు. గొంతులో మునుపటి బిగువు లేకపోయినా చెయ్యి ఎత్తాడు. "రేపు ఇంకోడొస్తాడు. ఆడికేటి సెప్తాం?" బల్లకు ఆ చివర స్ట్రెచరు మోసేవాడి చెయ్యీ లేచింది. పైడమ్మ చేతులూ, ఆమె పక్కనున్న నర్సు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి. నిర్ణయం ఎస్తేరు ఓటుకు వచ్చింది.

ఇవాళ ఇతనికి నొప్పి కావాలి, రేపు చావు కావాలి. రెంటినీ తన ఒంటిమీదుగానే తీసుకోబోతున్నాడని ఆమెకు అర్థమైంది. ఆమె చెయ్యి లేవదని ఆమె కళ్లలోనే చదివిన ఎర్రయ్య, నాలుగింతలు కాకపోతే రెండింతలైనా చాలనుకుని బల్లమీదుగా దూకాడు.

ఎస్తేరు పారిపోలేదు. రొమ్ముమీది మీటను లాగింది. ప్రతిఘాతి ఆమె భుజాలమీదనుంచి జారుతుండగానే పిడికిలి వచ్చి పడింది.

ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. ఎస్తేరు కుర్చీతో సహా వెనక్కి విరుచుకుపడింది. ఎర్రయ్య నొప్పికోసం కళ్లు మూసుకుని నిలబడ్డాడు. అది రాలేదు. కళ్లు తెరిచి తన పిడికిలిని చూశాడు. దాని కింద నేలమీద రక్తం కక్కుతున్న మనిషిని చూశాడు.

దాలినాయుడు మీదికి ఉరికాడు. పైడమ్మ అతని చొక్కా పట్టి ఆపింది.

ఎర్రయ్య మోకాళ్లమీద కూలబడ్డాడు. నేలమీది ప్రతిఘాతిని తీసి దులిపాడు. బడివేళ మించిపోతున్న పిల్లకు గౌను తొడిగినట్టు, ఎస్తేరు ముంజేతిని నెమ్మదిగా పట్టుకుని చొక్కా చేతిలోకి దూర్చబోయాడు.

"తొడుక్కో తల్లీ... నీ పున్నెముంటాది, తొడుక్కో..."

ఆమె మోచెయ్యి మడిచి బిగించింది. అతను ఎంత బతిమాలినా చాపలేదు.

"ఈ నొప్పి నాది," అంది, విరిగిన దవడలోంచి ఒక్కొక్క మాటనూ తోసుకుంటూ. "నీకివ్వను."

ఓటుకోసం ఎత్తి, ఇంకా దించని స్ట్రెచరు మోసేవాడి చెయ్యి, బల్లకు అవతల, మెల్లగా దిగింది.