బోరు నీళ్ల మరకలు

"ఇక చాలమ్మా! సాయంత్రం అక్క వచ్చి మిషను తీసుకెళ్తుంది. నీ కళ్లు పోయాయి, ఒప్పుకో!"

కొడుకు మాటకు అత్తగారు కుట్టుమిషను మీద తల వాల్చేసింది. ఒళ్లో పక్కింటావిడ తిప్పి పంపిన గౌను ఉంది. కుట్టంతా వంకరటింకరగా పోయింది. మామగారు పోయాక ఇద్దరు పిల్లల్నీ పెంచి పెద్ద చేసింది ఆ మిషనే! అది లేని అత్తగారిని తలచుకుంటేనే కోడలి గుండె చెరువైపోయింది.

"తీసుకెళ్లనీలే నాన్నా... ఎన్నాళ్లని పట్టుకు వేలాడను?" అంటూ ఆవిడ గౌను పట్టుకుని పెరటి గుమ్మంలో కూర్చుంది. వంకర కుట్లు విప్పేసి, చేత్తోనే సరిచేద్దామని సూది తీసింది. కోడలు చూస్తుండగానే ఒక్క విసురులో దారం ఎక్కించేసింది!

కళ్లు పోయిన మనిషి చేసే పనేనా అది?

కోడలు గబగబా వెళ్లి మిషను ముందు కూర్చుంది. తనకే సూది సరిగ్గా కనబడలేదు. తలెత్తి చూస్తే కిటికీ అద్దం నిండా తెల్లటి పొర... రోజూ పొద్దున్నే పైపు పట్టి ఆ అద్దం కడిగేది తనే! "మా కిటికీలు చూడండి!" అని వీధంతా గొప్పలు పోయేదీ తనే! కడిగి అలాగే వదిలేస్తే బోరు నీళ్లు ఎండకు ఆరిపోయి, అందులోని ఉప్పంతా అద్దానికి పట్టేసింది. ఎంత పని చేశాను దేవుడా!

కానీ ఏడుస్తూ కూర్చోలేదు. వెనిగర్‌లో గోరువెచ్చని నీళ్లు కలిపి, పాతగుడ్డలు ముంచి అద్దానికి అంటించింది. అవి ఆరిపోకుండా తడుపుతూ అక్కడే నిలబడింది.

"ఏంటా పిచ్చి? మిషను సర్దమంటే అద్దాలు తోముతావా?" భర్త విసుక్కున్నాడు.

"ఈ అద్దం తేటపడేదాకా మిషను మీద చెయ్యేశారో, ఊరుకోను!"

పెళ్లయ్యాక ఆమె అతనికి ఎదురు చెప్పడం అదే మొదలు. అతను నోరు వెళ్లబెట్టాడు.

పొర మెత్తబడింది. మొండి మరకలకు వంటసోడా ముద్ద రాసి రుద్దింది. రెక్కలు పడిపోతున్నా వదల్లేదు. తాగే నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచేసరికి... వెలుతురు నేరుగా వచ్చి సూది మీద పడింది!

ఆడపడుచు వచ్చేసరికి అత్తగారు మిషను తొక్కుతోంది. కుట్టు గీత గీసినట్టు సాగుతోంది. కొడుకు తల దించుకున్నాడు.

"గుమ్మంలో బాగానే కనబడుతోందని ఒక్క మాట చెప్పొచ్చుగా అత్తయ్యా!" కోడలు భోరుమంది.

"పొద్దున్నే లేచి అంత ముచ్చటగా కడుగుతావు. అందరికీ చూపించి మురిసిపోతావు... అద్దం మాసిందని ఏ నోటితో అననే తల్లీ?"

"అందుకని మిషనే వదిలేసుకుంటారా!"

ఆవిడ అంచులు మడిచి కుడుతున్న పాత తువ్వాలు ముక్కను దారం తెంపి కోడలి చేతిలో పెట్టింది.

"రేపట్నుంచి కడగ్గానే దీంతో తుడిచెయ్. చుక్క కూడా ఆరనివ్వకు."

కోడలు దాన్ని గుండెకు హత్తుకుంది. మిషను కోసం వచ్చిన ఆడపడుచు కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"మా ఇంట్లోనూ బోరు నీళ్లేనమ్మా! నాకూ ఒకటి కుట్టిపెట్టు."

అత్తగారు ఇంకో ముక్క సూది కింద పెట్టింది.