మొరాయించే లీవర్

ఈ పరాయిదేశపు ఊరు ఇన్వర్‌కార్గిల్‌లో దసరా అంటే చలి, వాన, పైగా వర్కింగ్ డే. నేను తుపాకుల షాపులో రిపేర్లు చేస్తాను. ఆ రోజు త్వరగా ఇంటికొచ్చి గరాజ్‌లో పనిబల్ల మీద ఆయుధపూజ పెట్టుకున్నాను. స్క్రూడ్రైవర్లు, ఆకురాళ్లు, వాటి పక్కన రెండు పాత లీవర్ రైఫిళ్లు, కింద ఉన్న లీవర్ లాగి మూస్తే తూటా ఎక్కే రకం. రేకుల మీద వాన ఆగకుండా కురుస్తోంది.

ఆ రైఫిళ్లు డగ్లస్ అనే ముసలాడివి. రెండూ ఒకే రకం, ఒకే వయసు. ఒకదాన్ని జీవితమంతా కొండల్లో జింకల వేటకి వాడాడు. అరిగి అరిగి నునుపెక్కింది, ఒక్క వేలితో లాగితే లీవర్ సర్రున దిగుతుంది. రెండోది బీరువాలోనే పడుంది. సగం దిగాక కర్‌ర్‌మని మొరాయిస్తుంది. బతికున్నన్నాళ్లూ వాటిని నన్ను ముట్టుకోనివ్వలేదు. "నీ చెయ్యి పెట్టకు" అనేవాడు, షాపులో అందరి ముందూ. నాకు ఒళ్లు మండిపోయేది. వాడు పోయాక కూతురు తెచ్చిచ్చి, మొరాయించేదాన్ని కూడా నునుపు చెయ్యమంది.

"చచ్చినవాడి తుపాకికి బొట్టెందుకు గిరీ? పూజలో పెడితే పిలిచినట్టే" అంది నా భార్య సాయి ప్రియ. "ఎందుకు కొరివితో తల గోక్కుంటావు?"

"పిలుస్తా. వచ్చి ఆపమను."

కావాలనే బొటనవేలితో రెండింటికీ కుంకుమ అద్దాను. హారతయింది. ఉద్వాసన చెప్పేదాకా కదపొద్దని ప్రియ అంటున్నా వినకుండా మొరాయించేదాన్ని చేతిలోకి తీసుకున్నాను. లీవర్ లాగాను.

సర్రున దిగింది.

నేనింకా దానికి ఆకురాయి తగిలించనే లేదు... తడిసిన ఉన్నికోటు వాసన వచ్చింది, డగ్లస్ షాపుకొచ్చినప్పుడల్లా వచ్చే వాసన. పొగాకు వాసన కూడా. తెరుచుకున్న సందులో ఇత్తడి మెరిసింది. తూటా. తెచ్చిన రోజు నేనే చూశాను, ఖాళీగా ఉంది.

లీవర్ మూసుకోవడం మొదలుపెట్టింది.

నేను మూయడం లేదు. వేళ్లు బిగించి ఆపాను. తుపాకి మూతి మెల్లిగా పక్కకి తిరిగింది... ప్రియ వైపు. లీవర్ తెరిచి ఉన్నంతసేపే అది పేలదు.

"గిరీ..." ప్రియ వెనక్కి జరిగింది. "నీ చేతి మీద... ఆ చెయ్యి ఎవరిది?"

"చూడకు. వెళ్లి కార్లో కూర్చో. లాక్ చేసుకో."

పరుగెత్తింది. కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది. అంతే, నా చేతి మీద బరువు పోయింది. తూటా తీసి విసిరేశాను. ప్రాణం లేచొచ్చింది. ముసలాడి మీద గెలిచాననుకుని నవ్వుకున్నాను కూడా.

బయట, కారు దగ్గర, ఒక లీవర్ దిగింది. సర్రున...

రెండు తుపాకులూ నా ముందే ఉన్నాయి.

"ప్రియా, దిగు. దిగి పరుగెత్తు" అని అరిచాను.

కార్లోంచి విసుగ్గా తన గొంతు.

"పక్కనే కూర్చుని ఎందుకలా అరుస్తావు?"

లీవర్ మూసుకుంది.