రేవుకి బండి

మా తాతయ్యని నేను చూడలేదు. నాకు తెలిసిన తాతయ్యంటే వంటింటి గుమ్మం పక్కన ఇనప తీగకి గుచ్చిన ఉత్తరాలే. నాన్న పుట్టిన ఏడాదే ఆయన రంగూన్ వెళ్లి బియ్యం మిల్లులో చేరేరట. అంతకుముందే కొబ్బరికాయ కొడుతుంటే కత్తి జారి కుడిచేతి బొటనవేలు సగం తెగిపోయిందట. అందుకే ప్రతి ఉత్తరం అంచునా సిరాతో సగం వేలిముద్ర ఉంటుంది. మామ్మకి చదువు రాదు. చిన్నప్పట్నుంచీ నేనే చదివి వినిపించేదాన్ని. అన్నిటికీ చివర ఒకటే మాట: "అన్నయ్య చెప్పినట్టు విను." అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ అన్నయ్యే మా పెద్దతాతయ్య బంగారరాజు. ఆఖరి ఉత్తరం వీధిలోనే చదివి, "తమ్ముడు పోయేడు" అని, అక్కడే చింపి కాలవలో పారేసేడట. చావు కబురు ఇంట్లోకి రాకూడదు కదా, ఆచారం! ఒక్కరూ అడగలేదు. మామ్మ గాజులు పగలగొట్టేరు, బొట్టు చెరిపేసేరు. మా వాటా కొబ్బరితోట ఆయన తోటలో కలిసిపోయింది. సిగ్గులేని మనిషి, తొంభయ్యేళ్లు దగ్గరపడి కొడుకులు గెంటేస్తే మా సావిట్లోనే మంచానపడి, మామ్మ చేత్తోనే గంజి తాగేవాడు. మామ్మ కళ్లు మూసేలోగా ఆ ఉత్తరం సంగతి ఆయన నోటితోనే చెప్పించాలని నా పంతం.

తొంభై ఏడులో తాతయ్య తద్దినం రోజు మిట్టమధ్యాహ్నమే మబ్బు కమ్మి ఇల్లంతా చీకటైపోయింది. కరెంటు లేదు. నాన్న గోడ మీద పిండం పెట్టి చూస్తున్నారు. కాకి రాలేదు.

"కిందటేడు తుఫానుకి కాకులన్నీ పోయేయమ్మా," అన్నారు.

"అంతకుముందు మాత్రం ఏ ఏడు ముట్టింది నాన్నా?"

ఇంక ఆగలేకపోయేను. మంచం దగ్గరికెళ్లి నిలబడ్డాను.

"పెద్దతాతయ్యా, ఆ ఉత్తరంలో ఏం రాసుందండీ?"

"నోర్ముయ్యవే నాగమణీ. చావు కబురు. చింపేసేను."

"ఎవరు రాసేరండీ?"

ముసలాయన గోడవైపు తిరిగిపోయేడు.

అప్పుడొచ్చింది వాసన. కాలవ బురద... దాంతోపాటు ఊక కాలిన పొగ... మా ఊళ్లో మిల్లే లేదు. వీధి గేటు కిర్రుమంది. వానలో ఎవరో మెల్లగా అన్నారు.

"అన్నయ్యా... బండి తెచ్చేవా?"

నా వెనకే లోపలికొచ్చిన నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మంచం మీంచి గుసగుసగా ముసలాయన గొంతు...

"తెచ్చేను కదరా... రేవులో నేనే కదరా నిన్ను నీళ్లలోకి తోసింది... మళ్లీ ఎలా వచ్చేవు?"

ఓరి దుర్మార్గుడా! అది చావు కబురు కాదు. వస్తున్నాను, రేవుకి బండి తీసుకురా అన్న కబురు!

చీకట్లో తడి అడుగులు... మా పక్కనుంచే... మంచం కిర్రుమంది. నాన్న దీపం వెలిగించేరు. మంచం ఖాళీ. లేచి కూర్చోలేని మనిషి!

బయట బురదలో రెండు జతల అడుగుల గుర్తులు. వాటి వెంటే కాలవ గట్టు దాకా పరిగెత్తేం. ఆయన తువ్వాలు తప్ప అక్కడేమీ లేదు. వెనక్కి తిరిగితే మా అడుగుల పక్కనే ఇంకో జత కనిపించింది. ఒక్కటే జత. ఇంటివైపు వెళ్తోంది...

సావిడి దాటి, మామ్మ గది గుమ్మం దాటి లోపలికెళ్లేయి ఆ అడుగులు. లోపల మామ్మ ఎవరినో తిడుతోంది. మామ్మ గొంతులో అంత కోపం నేను పుట్టి బుద్ధెరిగేక ఎప్పుడూ వినలేదు.

"ఇన్నేళ్లా అండీ రావడం! నా బతుకంతా బుగ్గైపోయేకా!"

తలుపు తోసేను. ఒక్కతే కూర్చుని ఉంది. నుదుట ఎర్రగా కుంకుమ. ఇంకా తడారలేదు. సగం వేలిముద్ర.

"తలుపు దగ్గరికెయ్యవే," అంది మామ్మ నాకేసి చూడకుండా. "మీ తాతయ్య తడిసొచ్చేరు."