దయావతి పెట్టిన మనవి

చిట్కుల్‌లో ఆ కిరాయి గదుల వరసకంతా దయావతి ప్రార్థనే గడియారం. తెల్లవారుజామున అయిదింటికి ఆమె గొంతు లేచేది. "వందనాలు తండ్రీ" అని వినబడగానే పక్క గదిలో ముత్యమ్మ లేచి స్టవ్ వెలిగించేది. ముత్యమ్మ గోడ మీద ఎల్లమ్మ పటం ఉంది, ప్రతి మంగళవారం దానికి పసుపు కుంకుమలు తప్పవు. అయినా పొద్దున లేవడానికి మాత్రం ఆమె దయావతి దేవుణ్ణే నమ్ముకుంది. "దయక్కా, మా ఆయనను డ్యూటీకి లేపేది నీ దేవుడే" అని నవ్వేది.

1998 జనవరిలో ఒక పొద్దున ఆ ప్రార్థన మామూలు కంటే కాస్త ఎక్కువసేపు సాగింది.

"ఈ ఇంట్ల ఉన్నోళ్ల గుండెలు మెత్తగ చెయ్యి తండ్రీ. మెలకువ ఉండి కూడ పండుకున్నట్టు చేసెటోళ్లను నువ్వే ముట్టు ప్రభువా!"

దుప్పటిలోంచి గ్రేస్ తల బయటపెట్టింది. "అమ్మా, ఈ ఇంట్ల ఉన్నది నేనొక్కదాన్నే. పేరు పెట్టే చెప్పరాదూ."

దయావతి వినబడనట్టు ఆమేన్ చెప్పి, మోకాళ్లు పట్టుకుని లేచింది. ఆమెకు యాభై నాలుగేళ్లు. అంగన్‌వాడీలో ఆయా పని. గ్రేస్‌కు ఇరవై ఆరు. ఇస్నాపూర్‌లో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్. ఆరింటి షిఫ్టుకు వెళ్లాలంటే అయిదున్నరకల్లా రోడ్డు మీద ఉండాలి.

చాయ్ గ్లాసు చేతికిస్తూ దయావతి మళ్లీ అందుకుంది. "మీ నాయిన పోయి రెండేండ్లు కావస్తున్నది. అప్పటిసంది ఒక్క పాట లేదు, నోరు తెరిచి ఒక్క ప్రార్థన లేదు. ఏమైందే నీకు?"

గ్రేస్ గ్లాసు కింద పెట్టింది. అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి తప్పించుకునే పిల్ల, ఆ రోజెందుకో తప్పించుకోలేదు.

"వస్తలేదమ్మా. కండ్లు మూసుకుంటే ఏం కనిపిస్తలేదు. పిలుస్తే ఎవ్వరూ పలుకుతలేరు. పిల్లలకు సండే స్కూల్ల చెప్పేటప్పుడు మాత్రం జెర ఉన్నట్టనిపిస్తది. గా ఒక్కటే మిగిలింది నాకు. గిది నీకొక్కదానికే చెప్పిన. ఎవ్వరికీ చెప్పకు."

"నేనెవరికి చెప్తనే" అంది దయావతి. అబద్ధమాడుతున్నానని ఆమె అనుకోలేదు.

గ్రేస్ తండ్రి కృపానందం రసాయనాల కంపెనీలో బాయిలర్ దగ్గర పందొమ్మిదేళ్లు పనిచేశాడు. ఊపిరి ఆడక మంచం పట్టినప్పుడు ఎనిమిది నెలలు సంఘమంతా ప్రార్థన చేసింది. గ్రేస్ నలభై రోజులు ఒంటిపూట తింటానని దేవునికి మొక్కుకుంది. రాత్రిపూట ఇంత గంజి తాగి, పగలంతా నిలబడి మందు డబ్బాలు సర్దింది. ముప్పై మూడో రోజు పొద్దున కృపానందం వెళ్లిపోయాడు. మిగతా ఏడు రోజులు ఆ పిల్ల తిన్నదో లేదో ఎవరూ అడగలేదు.

అందరూ దయావతినే చూశారు. సమాధి దగ్గర ఆమె కంట చుక్క రాలేదు. "ఎంత విశ్వాసమమ్మా!" అన్నారు. ఆ మాట మంచి చీర ఇచ్చినట్టు ఇచ్చారు, ఆమె కట్టుకుంది. ఇక విప్పడానికి లేదు.

ఆ శుక్రవారం ఆడవాళ్ల ఉపవాస కూడిక. పాటలు, వాక్యం అయ్యాక పాస్టర్ గారి భార్య అరుణమ్మ ఎప్పటిలాగే నోటుబుక్కు తెరిచింది. ఒక్కొక్కరూ తమ మనవి చెబుతారు, ఆమె రాసుకుంటుంది, అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. ఒకామెకు గర్భసంచి ఆపరేషన్. ఒకామె మొగుడు తాగి డ్యూటీకి వెళ్తున్నాడు. ఇంకొకామె కొడుకును పర్మనెంట్ చేయడం లేదు. దయావతి వంతు వచ్చింది.

చెప్పొద్దన్నది కూతురు. కానీ ఇది చెప్పడం కాదు కదా, ప్రార్థన కోరడం! ఇద్దరు ముగ్గురు కూడి అడిగితే దేవుడు వింటాడని ఆమె చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నది. ఇక్కడ ముప్పై మంది ఉన్నారు. తల్లి మనసుకు అంతకంటే ఏం కావాలి? అట్లా తనకు తాను నచ్చజెప్పుకుని, కొంగు తల మీదికి లాక్కుని లేచి నిలబడింది.

"నా బిడ్డ గ్రేస్ విశ్వాసంల చల్లబడ్డది. ప్రార్థన చేస్తలేదు. దానికోసం మొరపెట్టుండ్రి అమ్మా."

అందరూ అయ్యో అన్నారు. అరుణమ్మ రాసుకుంది. ముప్పై మంది ఏకకంఠంతో ప్రార్థిస్తుంటే దయావతికి గుండె తేలికయింది. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోయింది.

ఆ నోటుబుక్కు ఆదివారం అయ్యగారి చేతికి వెళ్తుందని దయావతికి తెలియనిది కాదు. ప్రతి ఆదివారం వెళ్లేదే. ఆరాధన మధ్యలో పాస్టర్ అంజయ్య గారు అద్దాలు సవరించుకుని మనవులు ఒక్కొక్కటిగా చదివారు. ఆపరేషన్, ఉద్యోగం, తాగుడు. "మన సండే స్కూల్ టీచర్ సిస్టర్ గ్రేస్ విశ్వాసంలో చల్లబడింది. ప్రభువు ఆమెను తిరిగి లేపునట్లు..."

గ్రేస్ ముందు వరసలో చాప మీద పిల్లల మధ్య కూర్చుని ఉంది. ఒక చిన్నపిల్ల తల తిప్పి, "టీచర్, నీకేమైంది?" అని అడిగింది. చర్చి మొత్తానికీ వినబడింది.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద బాలప్ప ఆమెను పక్కకు పిలిచాడు. చెడ్డవాడేం కాదు, మెల్లగానే చెప్పాడు. "కొన్ని దినాలు రెస్ట్ తీసుకో బిడ్డా. క్లాసు వేరేటోళ్లు చూసుకుంటరు."

గ్రేస్ ఇంటికొచ్చింది. తలుపు వేసి, చెప్పులు విడవకుండా అక్కడే నిలబడింది.

"ఎవ్వరికీ చెప్పద్దన్న గదమ్మా?"

"నేనెవరికి చెప్పిన బిడ్డా? ప్రార్థన చేసెటోళ్లకే గద చెప్పిన."

"వాళ్లు మనుషులు కారా? ఇగ రేపటి నుంచి బస్టాపుల, కంపెనీ గేటు కాడ, అందరూ నన్ను రోగమొచ్చినదాన్ని చూసినట్టు చూస్తరు."

"నీ మంచికోసమే..."

"నువ్వు నన్ను దేవునికి అప్పజెప్పలే. అరుణమ్మ బుక్కుకు అప్పజెప్పినవ్. ఇరవై రెండు మంది పిల్లలమ్మా! వాళ్ల మధ్యల కూసుంటేనే నాకు దేవుడు ఉన్నట్టుండె. గది గుంజుకున్నరు."

జవాబు దొరకనప్పుడు మనిషి నోటికి ఏది దగ్గరగా ఉంటే అదే వస్తుంది.

"నమ్మకం లేనిదానివి, ఆ పిల్లలకు మాత్రం ఏం చెప్తవే?"

అన్నాక నాలుక కరుచుకుంది. ఏం లాభం? గ్రేస్ తల్లి ముఖంలోకి ఒకసారి చూసింది. ఏడవలేదు, అరవలేదు. మూడు జతల బట్టలు, కంపెనీ ఆప్రాన్, దువ్వెన బ్యాగులో పెట్టుకుంది. ఇస్నాపూర్‌లో తనతో పనిచేసే శివమ్మ గదిలో ఉంటానని చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు అయిదింటికి దయావతి లేచింది. మోకరించి "వందనాలు తండ్రీ" అంది. తర్వాతి మాట రాలేదు.

కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. కూతురి మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. దాని వైపు చూస్తుంటే ఆమెకు మెల్లమెల్లగా అర్థమైంది, అర్థమవుతుంటే భయం వేసింది. ఈ రెండేళ్లూ ఆమె తండ్రీ అని పిలిచింది దేవుణ్ణి, చెప్పిందంతా ఆ దుప్పటి కింద ఉన్న కూతురికి. వినే మనిషి లేకపోయేసరికి ప్రార్థనే లేకుండా పోయింది. కృపానందం పోయిన రోజు నుంచి తను దేవునితో సొంతంగా మాట్లాడిన మాట ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంది. ఒక్కటీ లేదు.

బయట ముత్యమ్మ తలుపు తట్టింది. "ఏమక్కా, పానం బాగలేదా? చప్పుడే లేదు. మా ఆయన డ్యూటీ తప్పిపాయె!"

"గొంతు పట్టేసింది ముత్యమ్మా."

ఆ తర్వాత రోజు నుంచి ముత్యమ్మ కోసం వాక్యం గట్టిగా చదివేది. చదవడమే, అంతకంటే ఏమీ లేదు. కానీ లేవడం మాత్రం మానలేదు. చలికి మోకాళ్లు పట్టేసినా, రాత్రంతా నిద్ర పట్టకపోయినా, అయిదింటికి లేచి మోకరించేది. మాట రాకపోతే ఊరికే ఉండేది. ఒక్కరోజు మానితే ఇక ఎప్పటికీ లేవనేమోనని ఆమె భయం. సిమెంటు నేల మీద అట్లా ఒంటరిగా గంటసేపు కూర్చోవడం ఎంత కష్టమో ఎవరికి చెప్పుకుంటుంది? విశ్వాసానికి పేరు మోసిన దయావతి, మాట రాక కూర్చుందంటే ఎవరు నమ్ముతారు? కూతురు కూడా రెండేళ్లు ఇట్లాగే కూర్చుంది కాబోలు, పక్క మంచంలోనే!

రెండు వారాలాగి, గోంగూర పచ్చడి సీసాతో ఇస్నాపూర్ వెళ్లింది. షిఫ్టు వదిలారు. బయటికొచ్చే ఆడవాళ్లలో గ్రేస్ చిక్కిపోయి కనిపించింది.

"ఇంటికి రా బిడ్డా. తప్పయింది."

"దేనికమ్మా తప్పయింది? చెప్పినందుకా, అడిగినందుకా?"

పిల్లలకు ఏం చెప్తవని తను అడిగిన ఆ మాటను కూతురు మరిచిపోలేదని దయావతికి తెలిసింది. తనకూ ప్రార్థన రావడం లేదని చెప్పాలనుకుంది. కానీ చుట్టూ మనుషులు, బస్సుల హారన్లు. ఊరికే సీసా చేతిలో పెట్టింది.

"నాయిన కూడికకు వస్త" అంది గ్రేస్. "నాయిన కోసం వస్త. నీ కోసం గాదు."

ఫిబ్రవరి రెండో ఆదివారం సాయంత్రం కృపానందం జ్ఞాపకార్థ కూడిక. గది ముందు టెంటు వేశారు. ముత్యమ్మ తన ఇంటి చాపలన్నీ తెచ్చి పరిచి, వెనక తానూ కూర్చుంది. గ్రేస్ పొద్దున్నే వచ్చి బియ్యం ఏరింది, కూర వండింది, వచ్చినవాళ్లకు నీళ్లిచ్చింది. తల్లితో ఉప్పు, కారం మాటలు తప్ప ఏమీ మాట్లాడలేదు. కూడిక మొదలయ్యాక గడప దగ్గర, లోపలా బయటా కాకుండా కూర్చుంది.

అంజయ్య గారు కృపానందం గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. "ఇక మనవులు ఉంటే చెప్పండి" అన్నారు. అరుణమ్మ నోటుబుక్కు తెరిచి, ప్రేమగానే అడిగింది.

"దయావతమ్మా, మన గ్రేస్ సంగతి ఎట్లున్నది? జెర మారిందా?"

యాభై తలలు గడప వైపు తిరిగాయి. గ్రేస్ లేచి వెళ్లిపోవడానికి చెయ్యి నేల మీద ఆనించింది. ఇప్పుడు వెళ్తే ఇక రాదని దయావతికి తెలుసు. కొంగు సర్దుకోవడం కూడా మరిచిపోయి లేచి నిలబడింది.

"గ్రేస్ సంగతి గ్రేస్‌ది అమ్మగారూ. గది నేను మీకు చెప్పేది కాకుండె. చెప్పిన, తప్పు చేసిన. దాని పేరు కొట్టేసి నా పేరు రాయిండ్రి."

అరుణమ్మ కలం ఆగిపోయింది. "నీకేమైందమ్మా?"

"నాకు ప్రార్థన వస్తలేదు."

ఎవరో నవ్వబోయి ఆగారు. దయావతి ఆగలేదు.

"దీని నాయిన పోయినకాడి నుంచి వస్తలేదు. నా బిడ్డ తన సంగతి నాకు నిజం చెప్పింది. నా సంగతి నేను ఎవ్వరికీ చెప్పలే. మీరందరు ఎంత విశ్వాసం, ఎంత విశ్వాసం అంటుంటే నాకు మంచిగనిపించింది. పొద్దుగాల్ల లేస్త, కూసుంట. ఏం రాదు. అయినా మళ్ల లేస్త. దేవుణ్ణి విడిచిపెడ్త అంటలేను. నాతోని ఒంటిగ అయితలేదు అంటున్న. నాకోసం ఎవరన్న ప్రార్థన చెయ్యిండ్రి."

అక్కడే చాప మీద కూర్చుండిపోయింది. రెండేళ్ల కిందట రావలసిన ఏడుపు అప్పుడొచ్చింది. అందరి ముందూ, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎంతో మందికి ధైర్యం చెప్పిన అంజయ్య గారు అద్దాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డారు. బాలప్ప తల దించుకున్నాడు. "ఎవరు ప్రార్థన చేస్తరు?" అని అరుణమ్మ మెల్లగా అడిగింది. పిలవకుండానే లేచి ప్రార్థించే ఆడవాళ్లు కూడా కదల్లేదు.

గడప దగ్గరి నుంచి గ్రేస్ లేచింది. మనుషుల మధ్య దారి చేసుకుంటూ వచ్చి తల్లి పక్కన మోకరించింది. ఆమె నోరు తెరిచి ప్రార్థన చేసి రెండేళ్లయింది.

"ప్రభువా... నువ్వు ఇంటున్నవో లేదో నాకు తెల్వది. నా కోసం అడుగుతలేను."

అక్కడ ఆగిపోయింది. ఎవరూ మాట అందివ్వలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. ఆమె చెయ్యి వెతుక్కుంటూ వెళ్లి తల్లి భుజం మీద పడింది.

"మా అమ్మ ఒక్కతే ఉన్నది. జెర మా అమ్మను చూసుకో."

అంతే. ఆమేన్ అనడం కూడా మరిచిపోయింది. దయావతే అంది, ఏడుస్తూనే, కూతురి చేతి మీద తన చెయ్యి వేసి.