సమాధిలో ఉన్నవాళ్ళను ముట్టుకోకూడదు

మధ్యాహ్నం మూడు గంటలు! అన్నం తిన్న లోకమంతా ఆవులించే వేళ... మంచివాళ్ళకూ చెడ్డవాళ్ళకూ ఒకేలా రెప్పలు బరువెక్కే వేళ! ఆ రోజు ఆకాశం పట్టపగలే కాటుక పూసుకుంది. ఫెళఫెళమని ఉరుము ఉరిమింది. పగలు కనబడకూడని గుడ్లగూబ ఒకటి ఎదురు మేడ పిట్టగోడ మీద వచ్చి వాలింది.

మందుల దుకాణం పైన, కిటికీలకు నల్ల తెరలు వేసిన పొడవాటి హాలు. అక్కడ పీఠం మీద పద్మాసనంలో ధ్యానగురువు కూర్చుని ఉన్నాడు. ఈగ వాలినా కదలడు కాబట్టి జనం ఆయనకు కదలని స్వామి అని పేరు పెట్టారు. ఆయన నిద్రపోగా చూసినవాళ్ళు లేరు. అదంతా తపశ్శక్తి అని శిష్యులు మురిసిపోయేవారు. పీఠం కింద చెక్కపెట్టెలో ఎర్రగుడ్డ మీద పెట్టిన కపాలం ఉందనీ, ఆ దుర్మార్గుడు బతుకుతున్నది ఇతరుల నిద్ర తాగి అనీ పాపం వాళ్ళకేం తెలుసు!

ఎదురుగా చాప మీద ఆయా కూర్చుని ఉంది. పసిపిల్లల డే కేర్‌లో ఆమె పని. పొద్దుటి నుంచి పిల్లలను జోకొట్టి జోకొట్టి అలిసిపోయి వచ్చేది, ఆసనం వేసిన కాసేపటికే కునికేది. మొదటి రోజే స్వామి అందరి ముందూ మెచ్చుకున్నాడు.

"ఇది నిద్ర కాదు తల్లీ, సమాధి! ఎంత మత్తుగా ఉన్నా పడుకోకు. కాళ్ళ ముడి విప్పకు."

పొంగిపోయింది పిచ్చిది. తోడు వచ్చిన అక్క మాత్రం మెట్లు దిగుతూ ఏడిపించింది.

"సమాధేంటే? శుభ్రంగా గురక పెట్టావు. ఇంట్లో మంచం ఉందిగా, అక్కడ పడుకోవచ్చుగా?"

"నీకు కుళ్ళు, అక్కా."

ఈ రోజు ఆయా కళ్ళు తెరిచేసరికి చుట్టూ చీకటి... ఎముక వాసన! రెండు గుండ్రటి కన్నాల్లోంచి, పెట్టె చీలికలోంచి హాలు కనబడింది. చాప మీద ఎవరో ఆడమనిషి... తల గుండెల మీదికి వేలాడుతోంది, పెదవి చివర చొంగ కారుతోంది, మెలిపడిన కాళ్ళు నీలం తిరుగుతున్నాయి... ఆ పసుపు ఏప్రన్ తనది! ఆ శరీరం తనది! కెవ్వున అరిచింది. శబ్దం రాలేదు.

"అరవకు!" పెదవులు కదలకుండానే పీఠం మీది గొంతు ఆమెకు వినబడింది. "పడుకున్న దేహానికి నేలతల్లి కాపలా! కూర్చుని నిద్రపోయిన దేహానికి ఎవరూ కాపలా లేరు! ఆ కాళ్ళు పూర్తిగా చచ్చేదాకా నా జపం సాగితే చాలు... ముడి శాశ్వతం! నీ ఆయుష్షులో మిగిలిన నిద్రంతా నాదే!"

శిష్యులందరినీ అప్పటికే పంపేశాడు. అక్క మాత్రం కదలలేదు.

"స్వామీ, దాని కాళ్ళు చూడండి! ఎలా అయిపోయాయో! నేను లేపుతాను."

"ఆగు!" హాలు దద్దరిల్లింది. "సమాధిలో ఉన్నవాళ్ళను ముట్టుకోకూడదు! ముట్టుకున్నావో, దాని ప్రాణం పోతుంది. ఆ పాపం నీదే!"

చాచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అక్క కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు అంత దగ్గరగా వినబడుతున్నా "ముట్టుకో అక్కా!" అని ఒక్క మాట చెప్పలేని దుస్థితి పగవాడికి కూడా రాకూడదు.

"హ్రీం... ఫట్! హ్రీం... ఫట్!"

ఒక్కో బీజాక్షరానికీ ఆ నీలం బెత్తెడేసి పైకి పాకింది. ఆయాకు డే కేర్‌లోని మొండిపిల్లలు గుర్తొచ్చారు. మొండిపిల్లను అదిలిస్తే నిద్రపోదు. దాని ఏడుపులోనే మన గొంతు కలపాలి, కలిపి మెల్లగా సాగదీయాలి. అరుపు బయటికి రాదు సరే... కూనిరాగం? తీసి చూసింది. ఖాళీ ఎముకలో అది గుంయ్‌మని మోగింది! "ఊఁ... ఊఁ..." మొదట జపం లయలోనే సాగింది. తర్వాత కాస్త నెమ్మదిగా... ఇంకాస్త నెమ్మదిగా...

"హ్రీం.......... ఫ.......ట్..."

మంత్రం జోలపాట అయిపోయింది!

క్షుద్రదేవతలను లొంగదీసుకున్న మాంత్రికులు ఉంటారేమో కానీ, నిద్రమ్మను లొంగదీసుకున్నవాడు ఇంకా పుట్టలేదు! ఏళ్ళ తరబడి వాడి గడప బయటే నిలబడ్డ ఆ మహాతల్లి ఒక్క ఆవులింతలో లోపలికి వచ్చేసింది. కదలని స్వామి కదిలాడు. తల ఒరిగింది. గురక మొదలైంది.

ఫెళ్ళున పిడుగు పడింది! కూర్చుని నిద్రపోయిన దేహానికి కాపలా లేదు... వాడి దేహానికైనా సరే! కపాలం ఆబగా వాణ్ణి లోపలికి లాక్కుంది. అందులో ఒక్క ప్రాణానికే చోటు. ఆయా బయటికి ఎగిరిపడి తన దేహం వైపు పరుగెత్తింది. దారి లేదు! కాళ్ళ ముడి తాళంలా బిగుసుకుని ఉంది. "అక్కా! విప్పు!" అని గింజుకుంది. ఎవరికి వినబడుతుంది?

అక్కకు వినబడింది గురక ఒక్కటే. కళ్ళు తుడుచుకుని పీఠం వైపు చూసింది. నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ... అచ్చం చెల్లెలిలాగే! భయం ఎటు పోయిందో, ఒళ్ళు మండిపోయింది.

"సమాధి లేదు, గిమాధి లేదు!"

ఒక్క ఊపున కాళ్ళు విడదీసి, చెల్లెల్ని వెల్లకిలా పడుకోబెట్టింది.

వెన్ను నేలకు తగిలింది. ఆయా గుండెల నిండా ఊపిరి పీల్చి కళ్ళు తెరిచింది. కాళ్ళ నిండా సూదులు గుచ్చినట్టయింది. ఎడమ పాదం ఎంత ప్రయత్నించినా పైకి లేవలేదు. ఆ తర్వాత నెలల తరబడి ఆ కాలి చెప్పు జారిపోతూనే ఉంది.

"నీకు కుళ్ళు లేదక్కా..." అని అక్క మెడ పట్టుకుని భోరుమంది.

అంతలో పెట్టెలోంచి సన్నని మూలుగు... "ఊఁ... ఊఁ..." ఆ చీకట్లో ఉండి వచ్చింది కాబట్టి, అది ఏం అడుగుతోందో ఆయాకు అర్థమైంది. కాళ్ళు విప్పమంటోంది!

"ఏంటే ఆ చప్పుడు? ఈయన కాళ్ళు కూడా నల్లబడుతున్నాయి. లేపనా?" అంది అక్క.

"వద్దక్కా," అంది ఆయా. "సమాధిలో ఉన్నవాళ్ళను ముట్టుకోకూడదు."

మర్నాడు శిష్యులు వచ్చి చూశారు. గురువాజ్ఞ కదా, ఎవరూ ముట్టుకోలేదు. స్వామి సమాధి అయ్యారని అందరికీ చెప్పుకున్నారు. ఈసారి ఆ మాటలో అబద్ధం లేదు.