పెద్ద అక్షరాల్లో

"టైప్ చేయండి. కానీ చదవకండి," అంది అనురాధ.

అనుదీప్ చేతిలోని నోటుబుక్కునీ, ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "కళ్ళకి గంతలు కట్టుకుని కొట్టమంటారా అండీ?"

"జోకులొద్దండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. పేపర్లో హెడ్డింగులు ఉంటాయే, అంత. ఒక్క అక్షరం కూడా మార్చొద్దు."

"బోలెడు పేజీలవుతాయండి."

"అవనివ్వండి."

తెనాలి బోసు రోడ్డు సందులో వాన అందుకుంది. ఆ చిన్న డీటీపీ షాపులో వాళ్ళిద్దరే. అనుదీప్‌ది చుండూరు. ఇంట్లోవాళ్ళు వరి పండిస్తుంటే, ఇతను పెళ్ళిపత్రికలు టైప్ చేసుకుంటున్నాడు. అనురాధ స్టూలు లాక్కుని, గోడవైపు తిరిగి కూర్చుంది. మొదటి పేజీ సగమైనా కాకముందే వెనకనుంచి అతని కబుర్లు ఆగిపోయాయి.

ఆ పేజీలో ఏముందో చూడకుండానే ఆమెకు తెలుసు.

రేపల్లె అవతల సముద్రపు పల్లెలో, బోటు మీద వేటకెళ్ళే నాంచారయ్య కూతురు ఆమె. బాపట్లలో డిగ్రీ చదువుతూ మనోహర్ అనేవాణ్ణి నమ్మి వెళ్ళిపోయింది. విజయవాడ లాడ్జిలో మొదటి రోజు పొద్దున్నే, టిఫిన్ తెస్తానని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. మూడు రోజులు ఎదురుచూసి ఒక్కతే ఇంటికొచ్చింది. ఊరంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. నాన్న తిట్టలేదు, కొట్టలేదు. మాట్లాడటం మానేశాడు. మూడేళ్ళయింది. మధ్యలో అమ్మ కోటిరత్నం గుండెపోటుతో పోయినప్పుడు కూడా, ఆ మూల ఒకరు ఈ మూల ఒకరు కూర్చుని ఏడ్చారు.

తెనాలిలో బట్టల షాపులో చేరాక, హాస్టల్లో తన గదిలో ఉండే నర్సు హెప్సిబా ఈ నోటుబుక్కు కొనిచ్చింది. "నోటితో చెప్పలేనిది ఇందులో రాసుకోవే. బాగుందా లేదా అని చూడకు," అంది. అనురాధ నెలరోజులపాటు తారీఖు తప్ప ఏమీ రాయలేకపోయింది. లాడ్జి అనే మాట రాసిన రోజున కాగితం చించి ముక్కలు చేసింది. మళ్ళీ రాసింది. రాయగా రాయగా, ఒకరోజు మనోహర్ పేరు ఆగకుండా రాసేసింది. ఆ రోజు అన్నం సహించింది.

ఇక నాన్నకు చెప్పాలి. నాంచారయ్య పేపరు చూసి అక్షరాలు నేర్చుకున్న మనిషి. చేతిరాత చదవలేడు.

మూడు సాయంత్రాలకు పని పూర్తయింది. కాగితాలు తీసుకుని వెళ్ళిన అనురాధ, మర్నాడు మండిపడుతూ తిరిగొచ్చింది.

"'నేను చెడిపోయినదాన్ని' అని రాశాను. ఆ మాటేదీ?"

అనుదీప్ తల దించుకున్నాడు. "కొట్టడానికి చెయ్యి రాలేదండి."

"అంటే చదివారన్నమాట!"

"చదివానండి."

"నన్ను బాగుచేయమని మీకెవరు చెప్పారండీ? నోటుబుక్కు మొదలుపెట్టేదాకా ఆ మాట అనుకుంటూనే రెండేళ్ళు బతికాను. మీరు తీసేస్తే ఆ రెండేళ్ళూ ఎక్కడికి పోతాయి?"

అతను ఆ వాక్యం ఉన్నచోటే చేర్చాడు. కాగితం ప్రింటరులోంచి వస్తుంటే మెల్లిగా అన్నాడు. "ఒక్క మాట చెప్పొచ్చా?"

"జాలిపడేదైతే వద్దు."

"జాలి కాదండి. మూడు రోజులూ మీరు గోడవైపే చూశారు. ఒక్కసారి ఇటు తిరిగితే బాగుండునని మూడు రోజులూ అనుకున్నా. అంతేనండి."

ఆమె కాగితం అందుకుని వానలోకి నడిచింది.

ఆదివారం రేపల్లె రైలెక్కి ఇంటికి చేరేసరికి నాంచారయ్య అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. కాగితాలు అతని పక్కన పెట్టి, వంటింటి గడప మీద కూర్చుంది. నాంచారయ్య చాలాసేపు వాటిని ముట్టుకోలేదు. తర్వాత కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఒక్కో మాట కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదవసాగాడు. ఒకచోట వేలు ఆగిపోయింది. ఎంతకీ కదలలేదు. మళ్ళీ కదిలింది. ఆఖరి కాగితం తిప్పేసరికి పొద్దు వాలింది.

"రాధా."

మూడేళ్ళ తర్వాత ఆ పిలుపు.

"ఆ మూడు రోజులూ ఏం తిన్నావే?"

"నీళ్ళు తాగాను నాన్నా."

నాంచారయ్య తువ్వాలులో మొహం దాచుకుని ఏడ్చాడు. "పోయేదాకా మీ అమ్మ నన్ను అడుగుతూనే ఉంది. 'పిల్ల అక్కడేం తిందో ఒక్కసారి అడగవయ్యా' అని. నేనడగలేదు."

కాసేపటికి లేచి వెళ్ళి పొయ్యి వెలిగించాడు. కూతుర్ని లేవనివ్వలేదు. అన్నం, చేపల కూర వండి, కంచంలో పెట్టి ముందుకు జరిపాడు. ఆమె తింటుంటే ఎదురుగా కూర్చున్నాడు.

"దీన్నెవరు అచ్చేశారు?"

"తెనాలిలో ఒకాయన. అనుదీప్ అని."

"అంతా చదివాడా?"

"చదివాడు."

"చదివి ఏమన్నాడే?"

అన్నం కలుపుతున్న వేళ్ళు ఆగిపోయాయి. అనురాధ తలెత్తలేదు. మూడేళ్ళుగా తల దించుకుని బతికిన పిల్ల ఈసారి దేనికి దించుకుందో తండ్రికి తెలిసింది.

"ఓ ఆదివారం భోజనానికి రమ్మను," అన్నాడు నాంచారయ్య, ఆమె కంచంలో ఇంకో చేప ముక్క వేస్తూ. "అమ్మ లేదు కదా, కూర నేనే వండుతానని ముందే చెప్పు."